తిరుపతిలో మా అమ్మాయి ఉంటున్న వసతి గృహం: పది నెలల అనుభవం

మా చిన్నమ్మాయి బ్యాంకు పరీక్షల శిక్షణ కోసం తిరుపతిలో ఉంటోంది. 2025 జూన్ నుంచి ఆమె ఉంటున్నది బాలాజీ కాలనీకి నడిచి వెళ్ళగల దూరంలో ఉన్న ఒక మహిళా వసతి గృహం. ఈ సమీక్ష దాని గురించే. పడకలన్నీ నిండిపోయాయనీ, పేరు బయటికి వస్తే ఫోన్లకు జవాబు చెప్పలేక సతమతం కావాల్సి వస్తుందనీ యజమానురాలు అన్నందువల్ల పేరు రాయడం లేదు. అయినా రాస్తున్నానంటే కారణం ఉంది. పిల్లల్ని ఊరు కాని ఊళ్ళో ఉంచేటప్పుడు తల్లిదండ్రులు ఏమేమి అడగాలో, ఏ కాగితం చూడాలో ఆ ఇంట్లో అడుగు పెట్టిన రోజే నాకు స్పష్టంగా తెలిసింది.

తిరుపతికి చదువుల ఊరన్న పేరు కొత్తగా వచ్చింది కాదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో, వైద్య కళాశాల 1960లో, పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చాయి. విశ్వవిద్యాలయాల హాస్టళ్ళు అక్కడ చదివేవారికే సరిపోవు కాబట్టి, శిక్షణ కేంద్రాలకు వచ్చే పిల్లలూ, ఆసుపత్రుల్లో, దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలూ ప్రైవేటు హాస్టళ్ళనే ఆశ్రయించాలి. ఈ గిరాకీ చూసి, సొంతిల్లు ఉన్నవారు పైన రెండు అంతస్తులు వేసి, ఇనుప మంచాలు తెచ్చి, గేటుకు బోర్డు కట్టేస్తున్నారు. అందరూ చెడ్డవారని నేననను. కానీ నలుగురు పరాయి పిల్లలను ఒక గదిలో ఉంచి డబ్బు తీసుకోవడం బాధ్యతతో కూడిన వృత్తి అన్న స్పృహ కొందరిలో బొత్తిగా కనిపించదు.

అది మేము డబ్బు పెట్టి నేర్చుకున్న పాఠం. అంతకు ముందు, 2025 జనవరి నుంచి మే నెలాఖరు వరకు, మా అమ్మాయి ఊళ్ళోనే మరో చోట ఉండేది. చేర్చడానికి వెళ్ళినప్పుడు గదిలో మూడు మంచాలు ఉన్నాయి. ఫిబ్రవరిలో నాలుగోది వచ్చింది. తలుపు పూర్తిగా తెరుచుకోక, పక్కకు ఒరిగి లోపలికి వెళ్ళాల్సి వచ్చేది. ఏప్రిల్, మే నెలల్లో కొండకు రద్దీ పెరిగేసరికి, సెలవులకు ఊళ్ళకు వెళ్ళిన పిల్లల పడకలను రోజు లెక్కన యాత్రికులకు ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక రాత్రి రెండు గంటలకు దర్శనం ముగించుకుని ముగ్గురు ఆడవాళ్ళు గదిలోకి వచ్చి, తడి చీరలను మా అమ్మాయి మంచం కడ్డీ మీద ఆరవేశారు. వాళ్ళనేమీ అనడానికి లేదు; అలసిపోయి కొండ దిగి వచ్చినవాళ్ళు, డబ్బు కట్టి పడక తీసుకున్నవాళ్ళు. తప్పంతా నెల అద్దె కట్టిన పిల్లకు మాటమాత్రమైనా చెప్పకుండా ఆ గది తలుపు తీసిన నిర్వాహకులది.

నెలకు 6,500 రూపాయలనీ, దాని మీద జీఎస్టీ అంటూ 12 శాతం చొప్పున మరో 780 రూపాయలనీ తీసుకున్నారు. బిల్లు అడిగితే ఇవ్వలేదు. ఒక మనిషికి నెలకు 20,000 రూపాయలకు మించని అద్దెతో కనీసం 90 రోజులు వరుసగా ఉండే వసతికి పన్ను మినహాయించాలని జీఎస్టీ మండలి 2024 జూన్‌లో సిఫార్సు చేసిందనీ, అది ఆ జులై నుంచే అమల్లోకి వచ్చిందనీ మాకు ఆ తర్వాత తెలిసింది. ఐదు నెలలకు 3,900 రూపాయలు అలా పోయాయి. ఖాళీ చేసేటప్పుడు 5,000 రూపాయల అడ్వాన్సులో రంగులు వేయించాలని చెప్పి 2,000 పట్టుకున్నారు. నాలుగు మంచాలు గోడలకు ఆనించి వేసిన గదిలో ఏ గోడ రంగు మా అమ్మాయి చెడగొట్టిందో వాళ్ళే చెప్పాలి.

ఈ విషయాలు ఫోనులో చెప్పుకుని బాధపడుతున్నప్పుడు, ఇంగ్లాండులోని లెస్టర్‌లో ఎం.ఎస్. చదువుతున్న మా పెద్దవాడు అడిగిన మొదటి ప్రశ్న, ఆ గది కొలత ఎంతమ్మా అని. అంతవరకూ గది కొలవాలన్న ఆలోచనే మాకు రాలేదు. వాడు ఉంటున్నది ఆరుగురు కుర్రాళ్ళు ఒకే వంటగది వాడుకునే ఇల్లు. అలా ఒకే కుటుంబానికి చెందని పలువురు వంటగదినో స్నానాలగదినో పంచుకునే ఇంటిని అక్కడ హెచ్‌ఎంఓ అంటారు. రెండు లేదా అంతకంటే ఎక్కువ కుటుంబాలకు చెందిన ఐదుగురు, అంతకు మించి ఉంటే, ఆ ఇంటి యజమాని స్థానిక కౌన్సిల్ నుంచి లైసెన్సు తీసుకుని తీరాలి. 2004 నాటి గృహ చట్టం కింద 2006లో ఇది మొదలైనప్పుడు మూడంతస్తుల ఇళ్ళకే వర్తించేది. 2018 అక్టోబరు 1 నుంచి అంతస్తుల షరతు తీసేశారు. అదే రోజు నుంచి పడకగదుల కనీస కొలతలు కూడా లైసెన్సు షరతుల్లో చేరాయి: పెద్దవారు ఒక్కరు పడుకునే గది 6.51 చదరపు మీటర్లు, ఇద్దరు పడుకునేది 10.22 చదరపు మీటర్లు. మన లెక్కలో 70, 110 చదరపు అడుగులు. పైకప్పు మీటరున్నర కంటే కిందికి ఉన్న చోటు ఆ కొలతలోకి రాదు.

మా అమ్మాయి పాత గది 11 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. అంటే సరిగ్గా 110 చదరపు అడుగులు. అక్కడ ఇద్దరికి మించి ఉంచకూడని గదిలో ఇక్కడ నలుగురు పడుకున్నారు. కాగితం మీద ఈ లెక్క వేసుకున్నాక మా వారు చాలాసేపు మాట్లాడలేదు.

మా అబ్బాయి చెప్పినవాటిలో నన్ను ఇంకా ఆకట్టుకున్నది కొలతల కంటే ఆ పద్ధతిలోని బహిరంగత. ఏ ఇంటికి లైసెన్సు ఉంది, అందులో ఎందరు ఉండవచ్చు అన్నది కౌన్సిల్ రిజిస్టరులో ఎవరైనా చూసుకోవచ్చు. నిర్వాహకుడి పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఇంట్లో అందరికీ కనిపించేలా పెట్టాలి. గ్యాస్ తనిఖీ ఏటా, విద్యుత్ తనిఖీ ఐదేళ్ళకోసారి చేయించాలి. మోసమో దౌర్జన్యమో చేసి శిక్ష పడినవాడు, అద్దె ఇళ్ళ చట్టాలను ఉల్లంఘించినవాడు లైసెన్సుకు తగిన వ్యక్తి అవునో కాదో కౌన్సిల్ పరిశీలిస్తుంది. లైసెన్సు లేకుండా ఇల్లు నడిపితే, అందులో ఉన్నవారే ట్రైబ్యునల్‌కు వెళ్ళి 12 నెలల వరకు కట్టిన అద్దెను వెనక్కి రాబట్టుకునే వీలుండగా, 2025లో వచ్చిన కొత్త చట్టం ఆ పరిమితిని రెండేళ్ళకు పెంచింది. కొన్ని ప్రాంతాల్లో, పంచుకునే ఇల్లయినా ఒకే కుటుంబం ఉండే ఇల్లయినా సరే, అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ లైసెన్సు ఉండాలంటారు. లండన్‌లోని న్యూహామ్ 2013లోనే తన పరిధి అంతటా ఆ నియమం పెట్టింది. ఈ రుసుములన్నీ చివరికి అద్దెలోనే కలుస్తాయని మా అబ్బాయి గొణుగుతాడు. అది నిజమే కావచ్చు. నా వరకైతే ఆ డబ్బు ఇష్టంగా ఇస్తాను.

అంత దూరం పోనక్కర్లేదు. చిత్తూరు దాటగానే వచ్చే తమిళనాడులో, మహిళలకూ పిల్లలకూ హాస్టళ్ళు నడిపేవారు లైసెన్సు తీసుకోవాలని 2014లోనే ప్రత్యేక చట్టం చేశారు. మన పలమనేరు నుంచి వేలూరుకు చదువుకు పంపినవారికి ఉన్న ఆ ఒక్క ప్రశ్న, లైసెన్సు ఏదీ అన్న ప్రశ్న, తిరుపతికి పంపే మనకు కూడా అలవాటు కావాలి.

ఆ జూన్ మొదటివారంలో మేము తిరుపతిలో ఏడు వసతి గృహాలు చూశాం. ఈసారి నా చేతిసంచిలో టేపు ఉంది. నాలుగు చోట్ల టేపు తీయగానే ముఖం చిట్లించారు. ఒకచోట గది కొలవడానికి ఒప్పుకోలేదు. ఏడోది ఇప్పుడు మా అమ్మాయి ఉంటున్న ఇల్లు. యజమానురాలికి అరవై ఏళ్ళ లోపు ఉంటాయి. నేను మొహమాటపడుతూ టేపు తీస్తే, “అట్లా ఒంటిగా ఎట్లా కొలుస్తారు మేడమ్, ఆ కొస ఇటు ఇవ్వండి” అని గోడ దగ్గర వంగి తానే పట్టుకుంది. 12 అడుగులు, 11 అడుగులు. 132 చదరపు అడుగులు, స్నానాలగది కాకుండా. మంచాలు రెండు. మూడో మంచానికి చోటుంది కదా అని మా వారు పరీక్షకోసం అన్నారు. “వేస్తే నాకు నెలకు ఎనిమిదివేలు వస్తాయి సార్, కానీ ఆ పిల్ల పెట్టె ఎక్కడ పెట్టుకుంటుంది?” అని ఆమె తిరిగి అడిగింది. ఇంగ్లాండు చట్టం ఆమెకు తెలియదు. ఆ చట్టం అడిగే ప్రశ్న మాత్రం ఆమె తనకు తానే వేసుకుంది.

మెట్ల దగ్గర గోడకు ఒక చెక్కపలక ఉంది. ఏ అంతస్తులో ఎన్ని గదులు, ఎన్ని పడకలు, మొత్తం 26 పడకలు అని దాని మీద రాసి ఉంది. కింద ఆమె పేరు, రాత్రివేళ ఉండే వార్డెన్ పేరు, ఇద్దరి ఫోన్ నంబర్లు. ఆ పలకను చూసి నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఇరవయ్యేడో మనిషి వస్తే అక్కడున్న ప్రతి పిల్లకూ తెలిసిపోతుంది. పది నెలల్లో అలా జరగలేదు. బ్రహ్మోత్సవాల రోజుల్లో కూడా ఒక్క పడక యాత్రికులకు ఇవ్వలేదని మా అమ్మాయి చెప్పింది.

ఇక కాగితాలు. అడిగిన వెంటనే ఒక పాత నీలం ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో నగరపాలక సంస్థ ఇచ్చిన ట్రేడ్ లైసెన్సు, దాని చెల్లుబాటు తేదీ. వంటగదికి ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన పత్రం. ఆస్తి పన్ను రసీదు. చేరిన పిల్లల వివరాలు పోలీసు స్టేషనుకు అందజేసినట్టు ముద్ర పడిన నకలు ఉన్నాయి. ఆహార పత్రం మీద 14 అంకెల సంఖ్య ఉంటుంది. 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారానికిచ్చే రిజిస్ట్రేషన్. మా అమ్మాయి అక్కడికక్కడే ఆ సంఖ్యను ఫోనులో కొట్టి చూసుకుంది; ఇంటి పేరు, చిరునామా సరిపోయాయి. ఒకే కాగితంలో ఉండాల్సిన భరోసాను నాలుగు కాగితాల నుంచి పోగుచేసుకోవడం నాకు సంతృప్తినివ్వలేదు. ఆ లోపం చట్టం రాసేవారిది. ఈ ఇంటి యజమానురాలు తన చేతిలో ఉన్నంతవరకు చేసింది.

ఇళ్ళ అద్దెల విషయంలో మనకున్న రక్షణలు కూడా హాస్టల్ గడప దగ్గరికి వచ్చేసరికి పలచబడతాయి. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని ఉంది. కానీ హోటళ్ళు, లాడ్జీలు, ధర్మశాలల వంటివాటిని అందులోంచి తప్పించారు. నెలల తరబడి ఉండే పిల్లలున్న హాస్టల్‌ను ఇల్లనుకోవాలా, లాడ్జీ అనుకోవాలా? ఇంగ్లాండులో ఇంటి అద్దె అడ్వాన్సు మామూలుగా ఐదు వారాల అద్దెకు మించకూడదు, దానిని 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన పథకంలో భద్రపరచాలి. ఇక్కడ అడ్వాన్సుకు రక్షణ అంతా యజమానుల మంచితనమే. అందుకే ఈ ఇంట్లో అడ్వాన్సు 8,000 రూపాయలకు ఆమె ఇచ్చిన రసీదు వెనుక, ఖాళీ చేసిన వారం రోజుల్లో ఏ కోతలు లేకుండా తిరిగి ఇస్తానని, వస్తువు విరిగితే దాని బిల్లు చూపించి మాత్రమే తగ్గించుకుంటానని ఆమె చేతే రాయించి సంతకం చేయించుకున్నాం. ఆమె నొచ్చుకోలేదు. తోటి గదిలోని అమ్మాయి నవంబరులో ఖాళీ చేసినప్పుడు నాలుగో రోజున పూర్తి సొమ్ము ఖాతాలో పడిందని తెలిసి నాకు ధైర్యం కలిగింది.

నెలకు భోజనంతో కలిపి 8,000 రూపాయలు. పాత చోట కట్టిన 7,280 కంటే 720 ఎక్కువ. పన్ను అడగలేదు. కరెంటుకు గదివారీ మీటరు ఉంది, ఇద్దరూ పంచుకుంటారు. చలికాలంలో ఒక్కొక్కరికి వంద లోపు, ఎండాకాలంలో మూడు వందల దాకా వచ్చింది.

భోజనం మన వైపు వంట. ఉదయం ఇడ్లీకి, దోసెకు చెనక్కాయల చట్నీ. వారంలో రెండు రోజులు రాగి సంగటి, ఊరిబిండి. మధ్యాహ్నం పప్పు, ఉర్లగడ్డ తాళింపో బీన్స్ కూరో. శనివారం ఒక్కపొద్దు ఉండే పిల్లలు ఎక్కువ కాబట్టి ఆ రాత్రి అన్నం బదులు ఉప్మా చేస్తారు. సాంబారు మాత్రం నీళ్ళలా ఉంటుందని మొదటి నెల నుంచీ ఫిర్యాదు ఉంది, ఇప్పటికీ మారలేదు. నూనె పొదుపుగా వాడతారు, మిగిలిన వంటను మర్నాటికి వేడిచేసి పెట్టరు. ఒక ఆదివారం ముందుగా చెప్పకుండా వెళ్ళి పిల్లలతో పాటు కూర్చుని తిన్నాను. నాకు వేరుగా ఏమీ వడ్డించలేదు.

భద్రత విషయంలో కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే తల్లిదండ్రులు ఎక్కువగా చూడనిది ఇదే. సీసీ కెమెరా ఉందా అని అందరం అడుగుతాం. రాత్రి మంటలు వస్తే పిల్లలు ఎలా బయటపడతారని అడగం. ఈ ఇంట్లో ప్రతి అంతస్తులో మెట్ల పక్కన ఒక అగ్నిమాపక సిలిండరు ఉంది. మా అమ్మాయి దాని మెడకు కట్టిన చీటీ తిప్పి, గ్యాస్ నింపిన తేదీ, మళ్ళీ నింపాల్సిన తేదీ నాకు చదివి వినిపించింది. పైన ఒత్తిడి చూపే గుండ్రటి మీటరులో ముల్లు పచ్చ భాగంలోనే ఉంది. సిలిండరు వాడటం పిల్లలకు ఒక సాయంత్రం డాబా మీద నేర్పించారట. గ్యాస్ బండలు వంటగది బయట ఇనుప గూటిలో ఉంటాయి, లోపలికి గొట్టం మాత్రమే వస్తుంది. మెట్ల మీద బకెట్లు, చెప్పుల స్టాండ్లు పెట్టనివ్వరు. మెట్లవరుస మాత్రం ఒక్కటే, రెండోది లేదు. ఇది ఈ ఇంటిలో నన్ను నిజంగా కలవరపెట్టే లోపం, ఇప్పుడు కట్టడం సాధ్యం కాదని నాకు తెలిసినా.

మిగతా ఇబ్బందులు చిన్నవి. వేడినీళ్ళు సౌర హీటరు నుంచి వస్తాయి కాబట్టి ఏడు దాటితే చల్లనివే. మే నెలలో కుళాయి నీళ్ళు చాలక ట్యాంకరు తెప్పిస్తారు, బట్టలు ఉతకడానికి రోజులు పంచుకోవాలి. మూడో అంతస్తు గదులు ఎండాకాలం మధ్యాహ్నం కాలిపోతాయి. చేరేవారు మొదటి రెండు అంతస్తుల్లో అడగడం మంచిది. రాత్రి తొమ్మిదికి గేటు వేస్తారు, శిక్షణ తరగతి ఆలస్యమైతే ముందుగా ఫోను చేయాలి. ఖాళీ చేయాలంటే నెల రోజుల ముందు చెప్పాలన్న నియమం గట్టిగా పాటిస్తారు, అందులో సడలింపు లేదు.

నేను పట్టుబట్టి అడిగినది ఒక్కటి ఉంది. రాత్రి గేటు తాళంచెవి వార్డెన్ దగ్గర మాత్రమే ఉండేది. ఆమె గాఢనిద్రలో ఉన్నప్పుడు ఏదైనా జరిగితే ఇరవై ఆరుగురు పిల్లలు గేటు లోపలే ఉండిపోతారని దసరా సెలవుల్లో యజమానురాలితో చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, ప్రతి అంతస్తులో మెట్ల దగ్గర అద్దం పెట్టెలో ఒక నకలు తాళంచెవి పెడతానని ఒప్పుకుంది. సంక్రాంతికి వెళ్ళేసరికి మొదటి, రెండో అంతస్తుల్లో పెట్టెలు వచ్చాయి, వాటిలో చెవులు ఉన్నాయి. వార్డెన్ ఎదురుగానే ఒకటి తీసి గేటుకు పెట్టి తిప్పి చూశాను, తాళం తెరుచుకుంది. మూడో అంతస్తులో గోడకు మేకు కొట్టారు, పెట్టె ఇంకా తగిలించలేదు. ఈ నెల అమ్మాయిని చూడటానికి వెళ్ళినప్పుడు మొదట ఆ మెట్లెక్కి చూస్తాను.